అడవి యెవరిది?

1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన మన్యపు వీరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై బడెను. ఆ తిరుగుబాటునకు మూల మేమని యడిగినచో పాఠశాలలో చదువుకొను బాలుడు సైతము ఒక్క మాటలో చెప్పగలడు: అడవి. తరతరములుగా పోడు చేసికొని, పుల్ల లేరుకొని, తేనె పట్టుకొని బ్రదికిన కొండలను 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ శాసనము ఆ కొండవారికే పరాయి సొత్తుగా జేసెను. అంతకు ముందు సంవత్సరమే పలనాటి రైతులు పుల్లరి చెల్లింప నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ఆ నిరాకరణమునకు తన ప్రాణమునే వెలగా నిచ్చెను. నైజాము సీమలో 1940లో కొమరం భీము జోడేఘాట్ కొండపై నేలకొరిగినది కూడ ఈ ప్రశ్న కొఱకే. అడవి యెవరిది? అందు పుట్టి పెరిగినవారిదా, దూరమున కూర్చుండి దస్తావేజులపై సంతకము చేయువారిదా?

చింతపల్లి ఘటన జరిగిన నూఱవ యేట, 2022 జూలై 4వ తేదీన, భీమవరములో సీతారామరాజు ముప్పది యడుగుల కంచు విగ్రహమును భారత ప్రధానమంత్రి స్వయముగా ఆవిష్కరించిరి. ఆంధ్రదేశ మంతయు పులకించెను, మేమును పులకించితిమి. కాని యా సంవత్సరము ముగియకముందే, అక్టోబరు 27వ తేదీన, మహానికోబారు ద్వీపములో 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యమును అన్యోపయోగమునకు మరల్చుటకు ఆ కేంద్రప్రభుత్వమే తొలి సమ్మతి నొసగెను. నవంబరు 11వ తేదీన పర్యావరణానుమతియు వెలువడెను. ఒకే యేట విగ్రహమునకు పూలదండయు, అడవికి గొడ్డలియు! సీతారామరాజు కంచు పెదవులు కదలగలిగి యుండిన నేమనెడివాడో పాఠకులే యూహింతురు గాక.

మన్యమునకును ఆ ద్వీపములకును ఏమి సంబంధమని యెవరైన నడుగవచ్చును. సంబంధము కలదు. రంపపితూరీ యణగిన పిమ్మట సీతారామరాజు సహచరుడు గాము మల్లుదొరను ఆంగ్లప్రభుత్వము అండమానుకే పంపెను. తన యడవి తనకు గావలె నన్న కొండదొరకు సముద్రము నడుమ చెఱ విధించిరి. స్వరాజ్యము వచ్చిన పిదప 1952లో ఆ మల్లుదొరయే లోక్‌సభకు ఎన్నికయ్యెను. అడవి కొఱకు ద్వీపాంతరము బోయినవాడు శాసనకర్తయై కూర్చుండుట కంటె స్వరాజ్యమునకు వేరు నిర్వచన మేల? ఆ శాసనసభకు బాధ్యత వహించు ప్రభుత్వమే నేడు ఆ ద్వీపములకు గొడ్డలి బుజమున వేసికొని పోవుచున్నది. అందుచే ఈ విషయమున తెలుగువాడు మౌనము వహించుట కృతఘ్నత యగును.

మహానికోబారు భారతదేశపు దక్షిణపు కొన. సుమత్రా ద్వీపము అక్కడికి దాపు. మన తీరము దూరము. తంజావూరు చోళశాసనము పేర్కొన్న మానక్కవారము ఈ ద్వీపమాలయే. తొమ్మిదివందల పైచిలుకు చదరపు కిలోమీటర్ల యా ద్వీపము అధికభాగము నిత్యహరితారణ్యము. నడుమ 642 మీటర్ల థుల్లియర్ శిఖరము. ఆ కొండల నుండి దక్షిణముగా బాఱు గాలథియా నది. ఆ నది సముద్రముతో గలియుచోట అర్ధచంద్రాకారపు ఇసుకతిన్నె. అడవిలో మానులంత యెత్తు పెరుగు ఫెర్నులు, మొగలిజాతి వృక్షములు, టెంకాయలను డెక్కలతో చీల్చు పెద్ద పీతలు, ఏటి మొగలలో ఉప్పునీటి మొసళ్లు. అచట మెగాపోడను పక్షి యొకటి కలదు. అది గ్రుడ్లపై పొదుగదు. ఆకులలములను ఇసుకను దిబ్బగా పోసి, కుళ్లు ఆకుల వేడిమిచే పిల్లలను లేపును. దాని కులమునకు సముద్రపుటొడ్డు అడవియే పొదిగిలి. ఆ యొడ్డు పోయిన ఆ పక్షియు పోవును.

గాలథియా తిన్నెకు మఱియొక యతిథి వచ్చును. ప్రపంచమునందలి తాబేళ్లన్నిటిలో పెద్దదియైన తోలువీపు తాబేలు అచ్చటి కరుదెంచి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. దానికి మహాసముద్రములు లెక్కలేదు. వేలకొలది మైళ్లు ఈది, తాను పుట్టిన తీరమునకే మరలి వచ్చును. పుట్టినింటిని మఱువని యా జంతువునకు రేపటి దినమున ఇసుకకు బదులు కాంక్రీటు గోడ యెదురగును.

ఏల? ఆ తిన్నె మీదనే ఓడ నుండి ఓడకు కంటైనర్లను మార్చు మహానౌకాశ్రయము కట్టవలెనని నిశ్చయించిరి. దానితో ఒక అంతర్జాతీయ విమానాశ్రయము, ఒక విద్యుత్కేంద్రము, ఒక నూతన నగరము. మొత్తము 166 చదరపు కిలోమీటర్లు. అందులో 130 అడవి. అనుమతి పుచ్చుకొన్ననాటి యంచనా 72,000 కోట్ల రూపాయలు. నేడు ఎనిమిదివేల మంది మాత్రమే గల యా ద్వీపమునకు ముప్పదియేండ్లలో మూడున్నర లక్షల జనమును దింపుదురట! కూలవలసిన చెట్లు మొదట ఎనిమిదిన్నర లక్ష లనిరి. పిదప 2023లో పార్లమెంటునందు 9,64,000 అనిరి. చెట్లను లెక్కించుటకే రెండు లెక్కలు చెప్పినవారు, చెట్ల నాశ్రయించిన తీగలను, పక్షులను, పురుగులను, ఊటలను ఎట్లు లెక్కింతురు?

పట్టణవాసులైన మా పాఠకులకు ఈ విస్తీర్ణము తెలియుట కొక పోలిక చెప్పెదము. 2025లో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల పచ్చదనముపై యంత్రములను దింపినప్పుడు విద్యార్థులు అడ్డుపడిరి, పత్రికలు ఘోషించినవి, ఏప్రిల్ మాసమున సుప్రీంకోర్టు తనంతట తానే కల్పించుకొని చెట్ల నఱకుట నాపెను. అది న్యాయము. మహానికోబారులో పోవునది అట్టి కంచలు ఎనుబదికి పైగా! అచ్చట విశ్వవిద్యాలయము లేదు, విద్యార్థులు లేరు, ఛాయాచిత్రములు తీయువారు లేరు. చెట్టు కూలిన శబ్దము వినువారు లేనిచోట చెట్టు కూల్చుట సులభము. అందుచేతనే అంత తెగువ.

ఈ యనుమతులు లభించిన తీరు విచారించిన కొలది విస్మయము గలుగును. 1997లో గాలథియా అఖాతమును వన్యప్రాణి రక్షణాలయముగా ప్రకటించిరి. 2021 జనవరిలో వన్యప్రాణి మండలి స్థాయీ సంఘము ఆ రక్షణను కొట్టివేయుటకు సమ్మతించెను. కొలది వారములకే కేంద్ర పర్యావరణ శాఖ సముద్రపు తాబేళ్ల పరిరక్షణకై ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించి, అందు ముఖ్యమైన తీరములలో నొకటిగా గాలథియాను పేర్కొనెను! ఒక చేత తాబేలును కాపాడుమని వ్రాసిరి, ఇంకొక చేత తాబేలు ఇంటిని నౌకాశ్రయమునకు వ్రాసియిచ్చిరి. ఈ రెండు చేతులును ఒకే దేహమునకు జెందినవని నమ్ముట కష్టముగా నున్నది.

మహానికోబారు 1989 నుండి జీవావరణ రక్షితప్రాంతము. 2013లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ జీవావరణ ప్రాంతముల సముదాయములో జేర్చెను. అట్టి గౌరవమును మనమే కోరి తెచ్చుకొంటిమి. పెండ్లిపందిట తాళి కట్టి పెరటిలో అమ్మివైచినట్లున్నది మన వ్యవహారము.

అనుమతులను ప్రశ్నించుచు కొందఱు జాతీయ హరిత న్యాయస్థానమున కెక్కిరి. 2023 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము అనుమతిలో జోక్యము చేసికొనక, లోపములను పరిశీలించుటకు ఉన్నతాధికార సంఘమును నియమించెను. అధ్యక్షుడెవరు? అనుమతి నిచ్చిన పర్యావరణ శాఖ కార్యదర్శియే! సభ్యులలో ఈ ప్రణాళికకు ఊపిరిపోసిన నీతి ఆయోగ్ ప్రతినిధి యొకడు, ద్వీప పరిపాలనాధికారి యొకడు. కోడిని తిన్నవాడు, వండినవాడు, వడ్డించినవాడు కూడి కోడి యేమైనదో విచారింతురన్నమాట! వ్యక్తులపై మాకు ద్వేషము లేదు, వారిలో యోగ్యులుందురు. కాని తన తీర్పును తానే పునర్విచారించు పద్ధతిని ఏ గ్రామపంచాయతీ యైనను ఒప్పుకొనునా?

ఇక చెట్లకు బదులు చెట్లు నాటుదుమని సమాధానము చెప్పుచున్నారు. ఎచట? హర్యానాలో! ద్వీపమునకు వేయి క్రోసుల దూరమున, వాన చాలక ముండ్లపొదలు మొలచు ఆరావళి పాదమున! ఈ మాట విని నవ్వవలెనో యేడ్వవలెనో తెలియకున్నది. వర్షారణ్యమనగా చెట్ల గుంపు కాదు. ఉష్ణమండలపు ఎడతెగని వానలలో అధికముగా సారము నేలలో నిలువదు. ఆకులలో, కొమ్మలలో, రాలి కుళ్లుచున్న దళసరి పొరలో నిలుచును. ఒక యాకు రాలును. శిలీంధ్రములు దానిని కరగించును. వేళ్లు ఆ సారమును పీల్చి మరల నాకుగా జేయును. ఈ చక్రము తిరుగుచున్నంత కాలమే అడవి సిరులతో నుండును. చెట్టు నఱకి మోసికొనిపోయినచో ఆ నేల వానకు కొట్టుకొనిపోయి, కొండవాలు ఎఱ్ఱమట్టియై, ఆ మట్టి తీరమునందలి పగడపు తిట్టలను గప్పి వానినిగూడ చంపును. పగడములు ఇరువదివేల పైచిలుకు గుత్తులున్నవనియు, పదునాఱువేల పైచిలుకు గుత్తులను పెకలించి వేఱొకచోట నాటుదుమనియు లెక్కలు వ్రాసిరి. అమ్మను చంపి ఆమె పసుపుకుంకుమలను వేఱొక యింట భద్రపఱతు మనునట్టి మాట యిది.

హర్యానాలో చెట్లు నాటుట మంచిదే, నాటుడు. కాని దానిని మహానికోబారు పద్దులో జమ వ్రాయకుడు. మెగాపోడు హర్యానాకు ఎగిరిపోదు. తాబేలు ఆరావళి యెక్కదు.

ఇంతవఱకు చెట్టును పక్షిని గూర్చి చెప్పితిమి. మనుష్యుని మాట చెప్పుటకు కలము వణకుచున్నది. ఆ యడవిలో షోంపెనులను జాతివారు కలరు. 2011 జనాభా లెక్కలలో వారు 229 మంది. మన పట్టణములలో నొక వీధిలో నుండు జనముకంటె తక్కువ. మొగలిజాతి పండ్లను తిని, పందులను వేటాడి, ఏళ్ల వెంట బస మార్చుకొనుచు బ్రదుకు ఆ ప్రజ అధికభాగము బయటివారితో కలియనొల్లదు. మన రోగముల నోర్చు శక్తి వారి రక్తములో లేదు. మనకు మూడునాళ్ల తట్టు; వారికి సర్వనాశనము.

ఇది మా భయము కాదు, చరిత్ర. 1858లో ఆంగ్లేయులు అండమానులో ఖైదీల వలస స్థాపించునాటికి అచ్చటి మహా అండమానీయులు వేలకొలది యుండిరి. నాగరికత నేర్పుదుమని వారికై గృహములు కట్టిరి. ఆ గృహములలో వారికి రోగములు దొరకినవి. 1877లో తట్టు వచ్చి గుడిసెలను ఖాళీ చేసెను. 1961 జనాభా లెక్కలలో ఆ జాతివారు 19 మంది మిగిలిరి. తుపాకి చంపినవారికంటె స్నేహము చంపినవారు పెక్కుమంది. మొన్న మొన్నటి మాట: జరావాల యడవి గుండ పోవు పెద్ద రహదారి వలన వారికి బయటివారితో సంపర్కము పెరిగెను, 1999లో తట్టు వారిలో వ్యాపించెను. ఆ యడవి నడుమ రహదారిని మూయుమని 2002లో సుప్రీంకోర్టు ఉత్తరువు చేసెను. అటుపిమ్మటను ఏండ్ల తరబడి దానిపై బండ్లు నడచుచునే యుండెను. 229 మంది ప్రక్కన మూడున్నర లక్షల మందిని కాపురముంచి, “వారికేమియు హాని గానీయము, వలసిన నియమములు వ్రాసితిమి” అని పలుకువారు ఈ రహదారి కథను మఱచిరా? 2024 ఫిబ్రవరిలో జాతినాశనమును శాస్త్రీయముగా పరిశోధించు 39 మంది విదేశ విద్వాంసులు రాష్ట్రపతికి లేఖ వ్రాసి, ఈ ప్రణాళిక షోంపెనులకు మరణశాసనమని హెచ్చరించిరి. పరదేశీయులు మనకు ధర్మము చెప్పనేల యని కొందఱు కినిసిరి. నిజమే. చెప్పవలసిన అగత్యము వారికి కలుగుటయే మన సిగ్గు.

షోంపెనులతో పాటు నికోబారీయులును కలరు. 2004 డిసెంబరు 26వ తేదీ యుప్పెన వారి తీరపు గ్రామములను తుడిచిపెట్టెను. మిగిలినవారిని తెచ్చి కాంప్‌బెల్ బే దరి శిబిరములలో నుంచిరి. నాటినుండి వారు కోరునది ఒక్కటే: మా యూళ్లకు మమ్ము పోనిండు. తాతల సమాధులున్న చోట, కొబ్బరితోటలున్న చోట మరల ఇండ్లు కట్టుకొందుము. ఈ మొఱ వినబడలేదు. కాని వారి సంతకము మాత్రము కావలసివచ్చెను. 2022 ఆగస్టులో వారి గిరిజన మండలి నిరభ్యంతర పత్రము నిచ్చెను. తాము మరలిపోగోరు పూర్వగ్రామముల భూములే ప్రణాళికలో జేరియున్న సంగతి తెలిసిన పిమ్మట, నవంబరులో ఆ పత్రమును వాపసు తీసికొనుచు లేఖ వ్రాసిరి. ప్రభుత్వము మొదటి లేఖను పట్టుకొని కూర్చుండెను. రెండవ లేఖ అందనట్లే వ్యవహారము సాగెను. ఆదివాసుల రక్షణకై ప్రత్యేకించిన భూమిలో ఇంచుమించు 84 చదరపు కిలోమీటర్లు ఈ ప్రణాళిక క్రిందికి వచ్చును. తెలియని విషయమునకు ఇచ్చిన సమ్మతి సమ్మతి యగునా? వాయిదాకు వచ్చిన రైతుచేత తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయించుకొను షాహుకారుల కథలు మనకు క్రొత్తవి కావు. సర్కారు షాహుకారగుట మాత్రము క్రొత్త.

ఉప్పెన మాట వచ్చినది గనుక భూదేవి మాటయు వినవలయును. నాటి భూకంపమున ద్వీపపు దక్షిణపు కొన, ఇందిరా పాయింటు, నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. గట్టునున్న దీపస్తంభము మొదలు నీటిలో మునిగెను. ప్రపంచములో మిక్కిలి చలించు భూఫలకముల అంచున ఆ ద్వీపము కూర్చున్నది. దేశములో భూకంపభయము అత్యధికమని శాస్త్రజ్ఞులు గుర్తించిన ప్రాంతములలో అది యొకటి. అట్టి తీరమున డెబ్బదిరెండువేల కోట్లను, మూడున్నర లక్షల ప్రాణములను నిలుపుదు మనుట ధైర్యమా, మతిలేమియా? నాడు జనము తక్కువ గనుక మృతులు వేలతో ఆగిరి. అడవియు మొగలిపొదలును అడ్డుగోడగా నిలిచిన చోట నీటి వేగము తగ్గును. ఆ గోడను మనమే కూల్చి, ఆ చోటనే నగరము కట్టుదుమట!

ప్రతిపక్షము వారి వాదమును దాచుట మా స్వభావము కాదు. వారి ప్రధాన వాదములు రెండు: దేశరక్షణ, దేశవాణిజ్యము. రెండును తేలికగా ద్రోసివేయదగినవి కావు. మలక్కా జలసంధి మొగ వద్ద మహానికోబారు కావలివానివలె నున్నది. అంతర్జాతీయ నౌకామార్గము గాలథియాకు నలుబది నాటికల్ మైళ్ల లోపుననే పోవును. చీనా నౌకలు హిందూమహాసముద్రమున తిరుగుచున్న యీ దినములలో అచ్చట మన కన్ను మేలుకొని యుండవలసినదే. దాని నెవరును కాదనలేదు. 2012లోనే కాంప్‌బెల్ బే యందు ఐ.ఎన్.ఎస్. బాజ్ అను నౌకాదళ విమానస్థావరమును నెలకొల్పిరి. దానిని విస్తరింపుడు, బలపఱపుడు. ఒక్క పౌరుడును అడ్డురాడు. కాని కావలివానికి గుడిసె కావలెనని చెప్పి తోటయంతయు నఱకు యజమానిని చూచితిమా? విహారయాత్రికులకు విడుదులు, విలాసభవనములు, మూడున్నర లక్షల జనమునకు ఇండ్లు, ఇవన్నియు ఏ శత్రువును తరుముటకు? రక్షణకు వలసినది ఎంత, వ్యాపారమునకు వలసినది ఎంత యని విడదీసి చెప్పుమనిన, రహస్యమందురు. దేశరక్షణ యనునది పవిత్రమైన మాట; దానిని భూముల బేరమునకు తెరగా పట్టుకొనుట ఆ మాటకే అపచారము.

వాణిజ్యమందురా? నడుమ ఓడ మారవలసిన మన సరకులో అధికభాగము కొలంబో, సింగపూరు వంటి పరదేశపు రేవులలో మారుచున్నదనియు, ఆ లాభము పరులకు పోవుచున్నదనియు చెప్పుదురు. సత్యమే. అందులకే కదా కేరళలోని విళింజమున లోతైన రేవును గట్టి, 2025 మే 2వ తేదీన ప్రధానమంత్రి జాతి కంకితము చేసిరి? అది ప్రధానభూమిపై నున్నది. వెనుక రాష్ట్రము, మార్కెట్లు, జనము కలవు. మహానికోబారు వెనుక నేమున్నది? అడవి. ఎగుమతి చేయు కర్మాగారము లేదు, దిగుమతి కొను నగరము లేదు. ఇసుక, సిమెంటు, ఇనుము, కూలి, కూలివాని బియ్యము సర్వమును వందలకొలది క్రోసులు ఓడలపై దెచ్చి, సింగపూరుతో పోటీచేయుదుమనువారు తమ లెక్కలను బహిరంగముగా జనుల ముందర పరచిననాడు మేమును చూచెదము. లెక్క గట్టిదైనచో దాచుట యెందులకు?

అసలు వ్యాధి ఎచ్చటనున్నది? నౌకాశ్రయములో లేదు, దృష్టిలో నున్నది. ఆంగ్లేయుడు మన్యమును చూచి టేకు దుంగలను మాత్రము చూచెను, మనుష్యుని చూడలేదు. ద్వీపమును చూచి ఖైదు చూచెను, గృహము చూడలేదు. నేటి మన యధికారి పటమును ముందుంచుకొని ఖాళీస్థలమును చూచుచున్నాడు. అతని చర్మము నల్లనిది, భాష మనది, జెండా మనది. చూపు మాత్రము పాతదొరది. దొర పోయెను గాని దొర కండ్లజోడు బల్లపై మఱచిపోయెను. దానిని మనవారు తగిలించుకొనిరి. ఈ జోడు విసరివేయనంతవఱకు స్వరాజ్యము సంపూర్ణము కాదు.

అభివృద్ధిని మేము ద్వేషించువారము కాము. రేవులు కావలెను, విద్యుత్తు కావలెను, పడుచువారికి పని కావలెను. ప్రశ్న ఒక్కటే: ఎవరి నడిగి, ఎవరి నష్టముపై, ఎవరి లాభమునకు? నోరుగలవాని యింటిప్రక్క రహదారి వేయుటకు పదిమార్లు నోటీసులు పంపు ప్రభుత్వము, నోరులేనివాని యింటినే రహదారిగా జేయుటకు సంశయింపనిచో దానిని అభివృద్ధి యనరాదు, ఆక్రమణ మనవలయును. ఈ విషయమున తెలుగువారమైన మన చేతులును శుభ్రముగా లేవు. పోలవరము నీటిక్రింద మునుగు కోయపల్లెల మాట మనము ఎంతసారి తలచితిమి? ఆ మౌనమును ఒప్పుకొనియే ఈ మాట చెప్పుచున్నాము. తప్పు చేసినవాడు ఇంకొక తప్పును ఆపుటకు అనర్హుడు కాడు, ఆపకపోయిననే అనర్హుడు.

మా కోరికలు స్పష్టములు. ఉన్నతాధికార సంఘపు నివేదికలో రక్షణరహస్యము గాని సమస్త భాగమును ప్రకటింపవలెను. గాలథియా అఖాతమునకు వన్యప్రాణి రక్షణాలయ హోదాను మరల నొసగవలెను. నికోబారీయులను వారి పూర్వగ్రామములకు పోనీయవలెను. సమస్తము వారి భాషలో వివరించిన పిమ్మట వారేమందురో ఆ మాట చెల్లవలెను. షోంపెనుల యడవిని షోంపెనులకు విడువవలెను. రక్షణావసరమును వ్యాపారమునుండి వేఱుచేసి, దానికి వలసినంత చోటును మాత్రమే కొలిచి తీసికొనవలెను.

ఈ కోరికలను ఎవరు వినిపింతురు? అండమాను నికోబారు ద్వీపములకు లోక్‌సభలో ఒక్కడే సభ్యుడు. షోంపెనులకు పత్రిక లేదు, వకీలు లేడు, సభ లేదు. కాని మన రెండు రాష్ట్రముల నుండి 42 మంది సభ్యులు లోక్‌సభలో కూర్చుండుదురు. వారిలో ప్రతివాడును ఎన్నికల వేళ సీతారామరాజు పేరో, కొమరం భీము పేరో చెప్పి ఓటు అడిగినవాడే. పఠనాలయములలో ఈ పత్రికను చదువు సోదరులారా! మీ సభ్యునికి ఒక లేఖ వ్రాయుడు. ఒక ప్రశ్న చాలును: అయ్యా, మహానికోబారు అడవి నఱకుటకు మీరు సమ్మతించితిరా, లేదా? అవునో కాదో చెప్పుమనుడు. మీ గ్రంథాలయ సభలో ఒక తీర్మానము గావించి పంపుడు. ఆ ద్వీపములలో తెలుగు కుటుంబములు వేలకొలది కాపురమున్నవి; మీ బంధువులుందురు. వారికిని వ్రాయుడు.

ఆ యడవిలో అధికభాగము ఇంకను నిలిచియున్నది. తాబేలు ఇంకను తన తీరమును మఱువలేదు. కాగితముపై నఱకబడిన యడవి నేలపై నఱకబడుటకు నడుమ కొంత వ్యవధి మిగిలినది. ప్రజాభిప్రాయమునకు చోటు ఆ వ్యవధియే. నూఱేండ్ల క్రిందట మన్యమునకు తోడుగా లేచిన నోళ్లు పట్టణములలో తక్కువ. మన తాతలలో పెక్కుమంది ఆ వార్త చదివి పత్రిక మడిచి ప్రక్కన బెట్టిరి. మనుమలమైన మనము విగ్రహములు గట్టి ఆ ఋణము తీఱినదని తలచుచున్నాము. తీఱలేదు. అది కంచుతో తీఱునది కాదు. ఎక్కడనో సముద్రము నడుమ, మన పేరు సైతము ఎఱుగని 229 మంది తమ యడవిలో తాము బ్రదుకగలిగిననాడు, సీతారామరాజునకు మనము నిజముగా దండ వేసినవారమగుదుము.